వెన్ను, దవ్వ, చిగురు: ఒంటికీ పైరుకీ ఉమ్మడి పేర్లు

వరి పైరు పొట్టకు వస్తుంది, ఈనుతుంది, పాలు పోసుకుంటుంది. చలి రాత్రుల్లో అగ్గి తెగులు సోకితే మెడ విరుగుతుంది. పొట్టలోంచి బయటపడ్డ కంకి పేరు వెన్ను. పొట్ట, ఈనడం, పాలు, మెడ, వెన్ను: వీటిలో ఏదీ మొక్క కోసం విడిగా పుట్టించిన మాట కాదు. గేదెకో మనిషికో వాడే మాటలే పైరుకూ చెల్లుతున్నాయి. వ్యవసాయ కరపత్రాలు సైతం వాటినే అచ్చు వేస్తాయి: చిరుపొట్ట దశ, పొట్టకుళ్ళు తెగులు, మెడ విరుపు.

ఈ మాటలు నడిచే ఒక చోటు చూద్దాం. కృష్ణానది ఉత్తరపు ఒడ్డున ఉన్న చందర్లపాడు, దాని ఎగువన నందిగామ, జగ్గయ్యపేట ఊళ్ళు ఒకప్పటి కృష్ణా జిల్లాలో మెట్ట ప్రాంతం. పాత లెక్కలో ఇది నందిగామ తాలూకా. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. నల్లరేగడి నేల, పత్తి, మిరప, అపరాలు, ఒకప్పుడు జొన్న. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు అందిన చోట వరి. డెల్టా పల్లెల్లోలాగే ఇక్కడా పశువు, పైరు ఒకే చేతి కింద పెరిగాయి. చూడి గేదెను చూసే కన్నే పొట్ట మీదున్న పైరును చూసింది. అందుకే ఈ మాటల్లో ఎక్కువ భాగం ఉత్త పోలికలు కావు, పరీక్షించి పెట్టిన పేర్లు. చిరుపొట్ట దశ వచ్చిందో లేదో తేల్చుకోవాలంటే రైతు మడిలోంచి ఒక పిలక పీకి, కాండాన్ని గోటితో నిలువునా చీలుస్తాడు. పై కణుపు మీద, ఆకు తొడుగుల మధ్య, తెల్లగా మెత్తగా దూదిపోగు ముక్కలాంటిది కనిపిస్తే అదే పుట్టబోయే వెన్ను. నత్రజని ఎరువు చివరి దఫా అప్పుడే వేస్తారు. కడుపులో ఉన్నదాన్ని కడుపు చీల్చి చూసి పెట్టిన పేరు కనుక 'పొట్ట'లో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

పిలక అన్నమాట కూడా అలాంటిదే. నెత్తి మీద విడిచిన జుట్టూ పిలకే, వరి దుబ్బులో పక్కన లేచిన మొలకా పిలకే. వేళ్ళకు కణుపులున్నాయి, చెరకుకూ ఉన్నాయి. చెరకు కణుపు మీది మొగ్గ కన్ను. నాటే ముచ్చెకు మూడు కళ్ళు ఉండాలంటారు. కొబ్బరికాయకూ మూడు కళ్ళే, కానీ మొలక వచ్చేది ఒక్క కంట్లోంచి. పసుపుకూ అల్లానికీ కొమ్ములు. తాళ్ళల్లో కాయ కాసేది పెంటితాడు, కాయనిది పోతుతాడు. దున్నపోతులో ఉన్న పోతే ఇది. పత్తి చేలో గులాబీ రంగు పురుగు తొలిచిన పువ్వు విచ్చుకోక, రెక్కలు ముడుచుకుని ఉండిపోతుంది. దాన్ని గుడ్డి పువ్వు అంటారు. రెక్క సంగతే చూస్తే అది పక్షికీ ఉంది, పువ్వుకీ ఉంది, కూలి చేసుకునే మనిషి భుజానికీ ఉంది. బెండకాయ మీద నూగు, కుర్రవాడి పెదవి మీద నూగు.

ఎదురు దారి కూడా అంతే రద్దీగా ఉంది. చెట్టు నుంచి ఒంటికి వచ్చిన పేర్లు తెలుగులో లెక్కలేనన్ని. గుండెకాయ, తలకాయ, మెడకాయ అన్నీ కాయలే. కోడి కడుపులో గింజలు నలిపే కండ కందనకాయ. మోకాలికి ఉన్నది చిప్ప, కొబ్బరికీ చిప్పే. కాలి వెనక కండ పిక్క, చింతపండులోదీ పిక్క. పళ్ళు మొలిచే చోటు చిగురు. చిగుళ్ళు వాచాయనే ప్రతి మనిషీ తెలియకుండానే వేపచెట్టు మాట వాడుతున్నాడు. నల్లగుడ్డు మీద తెల్లమచ్చ పడితే కంట్లో పువ్వు వేసిందంటారు. నోట్లోవీ పళ్ళే, బుట్టలోవీ పళ్ళే. ఇది మాత్రం నిజమైన ఉమ్మడి పదం కాదు. పన్ను, పండు అనే రెండు వేరు మాటలు బహువచనంలో ఒకేలా పలకడం వల్ల పుట్టిన తికమక.

ఈ పేర్లు కొత్తవి కావు. 1852లో అచ్చయిన బ్రౌను నిఘంటువులో వెన్నుకు వీపు, కంకి అనే రెండర్థాలూ ఉన్నాయి. అయితే అన్నింటినీ ఒక గాటన కట్టకూడదు. చెరకు కన్ను ఆకారాన్ని చూసి పెట్టింది, మొగ్గ చూడదు. పసుపు కొమ్మూ అంతే. వరి పొట్ట, ఈనడం పనిని చూసి పెట్టినవి. వెన్ను రెంటికీ మధ్యది: నడుమ ఒక కాడ, దానికి అటూ ఇటూ వరసగా అమరిన గింజలు, వెన్నెముకకు పూసలు అమరినట్టు. జీవశాస్త్రంలో ఆకారపు పోలిక వేరు, పని పోలిక వేరు, పుట్టుక పోలిక వేరు. రైతు మాటల్లో మొదటి రెండూ ఉన్నాయి. మూడోది లేదు.

చెట్టునూ ఒంటినీ పక్కపక్కన పెట్టి, భాగానికి భాగం సరిచూసిన పాత ప్రయత్నాల్లో ఒకటి బృహదారణ్యకోపనిషత్తు మూడో అధ్యాయంలో ఉంది. సభలో పండితులతో వాదిస్తున్న యాజ్ఞవల్క్యుడు మనిషిని వృక్షంతో పోలుస్తాడు. వెంట్రుకలకు ఆకులు, చర్మానికి బెరడు, నెత్తురుకు గాటు పెడితే కారే రసం, కండకు బెరడు కింది పొరలు, స్నాయువుకు నార, ఎముకకు లోపలి మాను, మజ్జకు దవ్వ. చివరి జతలో రెంటికీ సంస్కృతంలో ఒకటే మాట, మజ్జ. నరికిన చెట్టు వేరు నుంచి మళ్ళీ లేస్తుంది, చచ్చిన మనిషి ఏ వేరు నుంచి లేస్తాడన్నది అక్కడి అసలు ప్రశ్న. శరీరశాస్త్రం చెప్పాలన్నది ఆ రుషి ఉద్దేశం కాదు, అయినా వరస తప్పలేదు.

వైద్య గ్రంథాల్లో ఈ పోలిక పనిముట్టు అయింది. సుశ్రుత సంహిత శారీర స్థానంలో ఎముకల ప్రయోజనం చెప్పేటప్పుడు, లోపలి చేవ మీద చెట్టు నిలబడినట్టు ఎముకల మీద ఒళ్ళు నిలబడుతుందని ఉంది. మాను నరికితే చేవ కనిపించినట్టు కండ కోస్తే ధాతువు కనిపిస్తుందని మరోచోట. అదే స్థానంలో చర్మానికి ఏడు పొరలు చెప్పారు. అన్నిటికన్నా పైపొర పేరు అవభాసిని. దాని మందం వడ్ల గింజలో పద్ధెనిమిదో వంతు. ఏడో పొర మాంసధర, రెండు వడ్ల గింజల మందం. మనిషి తోలును కొలవడానికి వడ్లగింజను కొలబద్దగా తీసుకున్నారన్నమాట. ఈ అవభాసిని ప్రయాణం ఇక్కడితో ఆగలేదు, ముందు మళ్ళీ వస్తుంది.

పడమటి దేశాల్లోనూ కథ దాదాపు ఇలాగే మొదలైంది. క్రీస్తుకు ముందు నాలుగో శతాబ్దిలో అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ మొక్కల గురించి రాస్తూ, వాటి లోపలి భాగాలకు పేర్లు లేవు గనుక జంతువుల పేర్లే అరువు తెచ్చుకోవాలని చెప్పి నరం, సిర, కండ అనే మాటలు వాడాడు. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను పలచగా కోసి చూసి అందులోని గూళ్ళకు గది అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. మొక్క దగ్గర పుట్టిన ఆ మాట 1839 నాటికి, ష్లైడెన్, ష్వాన్‌ల తర్వాత, జంతువులన్నిటికీ చెల్లింది. ఇటలీ వైద్యుడు మార్సెల్లో మాల్పిజి దారి దీనికి తలకిందులు. పట్టుపురుగును కోసి దాని గాలి గొట్టాలను చూసినవాడు ఆయనే. మొక్కల కాండాల్లో కనిపించిన మరమేకు చుట్టల్లాంటి నాళాలకూ వాయునాళాల పేరే పెట్టాడు. అవి గాలి గొట్టాలు కావు, నీళ్ళు మోసేవి. తప్పు తేలినా పేరు పోలేదు; దారుకణానికి ఇంగ్లీషులో నేటికీ ఆ పేరు తాలూకు మాటే. బొద్దింకలో మాల్పీజియన్ నాళికలు, మూత్రపిండంలో మాల్పీజియన్ దేహాలు అని ఇంటర్ విద్యార్థి బట్టీ పట్టేది ఈ మనిషి పేరే.

తెలుగులో ఆధునిక జీవశాస్త్రం రాయాలన్న సంకల్పానికి నందిగామ తాలూకాతో దగ్గరి చుట్టరికం ఉంది. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1877 మే 18న మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో పుట్టాడు. అక్క భండారు అచ్చమాంబ దగ్గర నాగపూరులో చదువుకుని, తర్వాత మునగాల రాజా దగ్గర దివానుగా పనిచేశాడు. చుట్టూ నిజాం రాజ్యం ఉండగా మునగాల పరగణా కృష్ణా జిల్లా కింద ద్వీపంలా ఉండేది. 1906లో హైదరాబాదులో మిత్రులతో కలిసి విజ్ఞానచంద్రికా మండలి పెట్టాడు. 1908లో అది మద్రాసుకు మారింది. చరిత్ర, జీవితచరిత్రలతో పాటు ప్రకృతి శాస్త్రాలు కూడా తెలుగులోనే రావాలన్నది మండలి పట్టుదల. ఆ వరసలో జీవశాస్త్రము రాసినవాడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి. ఇంగ్లీషు వైద్యం చదివి ఆ తర్వాత ఆయుర్వేదం వైపు తిరిగిన మనిషి. ఆ తరం రచయితలకు రెండు గోదాములు అందుబాటులో ఉన్నాయి: ఒకటి సంస్కృత వైద్యం, రెండోది పల్లె నోరు. మొదటి దాని తాళంచెవి చేతిలోనే ఉంది గనుక చేయి అటే ఎక్కువగా వెళ్ళింది. లక్ష్మణరావు తలపెట్టిన విజ్ఞానసర్వస్వం అకారం దాటకుండానే 1923 జూలై 12న ఆయన పోయాడు.

రెండో గోదామును వరసగా తెరిచింది భద్రిరాజు కృష్ణమూర్తి. ఊరూరా తిరిగి రైతుల నోట సేకరించిన మాటలతో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వెలువడింది. పైరు దశలు, మొక్క భాగాలు, తెగుళ్ళు ఏ జిల్లాలో ఏమంటారో దానిలో దొరుకుతాయి. సరిగ్గా అంతకుముందు ఏడు, 1961లో, కేంద్ర ప్రభుత్వం శాస్త్ర సాంకేతిక పదావళి సంఘాన్ని నియమించింది. భారతీయ భాషలన్నిటికీ పనికొచ్చేలా సంస్కృతం నుంచి పదాలు కట్టడం దాని పద్ధతి. 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది, తొలి అధ్యక్షుడు పి.వి. నరసింహారావు. 1969లో రెండేళ్ళ ఇంటర్మీడియట్ మొదలైంది, దానికి తెలుగులో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం పుస్తకాలు కావలసి వచ్చాయి. అన్నదాత పత్రిక పుట్టింది కూడా 1969లోనే. ఒకే కాలంలో కళాశాల విద్యార్థికి ఒక తెలుగు, రైతుకు మరో తెలుగు అచ్చులో స్థిరపడ్డాయి.

అకాడమి పుస్తకాలను పల్లె మాటను తోసిపారేశాయని తిట్టడం రివాజు. ఆ తిట్టు సగమే న్యాయం. ఈనె, బెరడు, బెండు, మొగ్గ, కంకి, నులితీగ అలాగే నిలిచాయి. చేవదారువు అనే సంకరం ఒకటి పుట్టింది, చేవ తెలుగు, దారువు సంస్కృతం. అయినా చక్కని మాట. అన్నింటికన్నా మంచి ఎంపిక దవ్వది.

అరటి చెట్టు గెల కొట్టాక బోదె పొరలు ఒక్కొక్కటే ఒలుచుకుంటూ పోతే నడిమధ్య తెల్లగా, చల్లగా, నీరూరుతూ చేతి మణికట్టంత కాడ మిగులుతుంది. దాన్ని చక్రాలుగా కోసి, వేలికి చుట్టుకునే పీచు తీసేసి, మజ్జిగలో వేస్తారు, నల్లబడకుండా. అది అరటి దవ్వ. వృక్షశాస్త్రం లెక్కలో అది దవ్వ కాదు, గెలను మోసే పూకాడ. బయటి బోదె కూడా కాండం కాదు, ఆకు తొడుగుల కట్ట. ఆ పేచీ ఎలా ఉన్నా, 'నట్టనడుమ ఉన్న మెత్తటి భాగం' అన్న అర్థం ప్రతి వంటింటికీ తెలుసు. కాండాన్ని అడ్డంగా కోస్తే బయటి వలయానికి వల్కలం, నడి భాగానికి దవ్వ అని పేర్లు పెట్టారు. ఆ జతనే మోసుకెళ్ళి మూత్రపిండానికీ పెట్టారు. మూత్రపిండం నిలువుకోతలో బయటిది వల్కలం, లోపలిది దవ్వ. అధివృక్క గ్రంథికీ అవే రెండు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. లాటిన్‌లో ఈ జతలో బయటి భాగం మాట చెట్టు బెరడుది, అది జంతువులోకి వెళ్ళింది. లోపలి భాగం మాట జంతువు మూలుగది, అది చెట్టులోకి వచ్చింది. ఇచ్చిపుచ్చుకోవడం సమానంగా జరిగింది. తెలుగులో రెండూ చెట్టు నుంచే వెళ్ళాయి. రుషులు కట్టుకునే నారబట్ట వల్కలం. దాన్ని మూత్రపిండానికి కట్టి, లోపల అరటి దవ్వ పెట్టారు. మెదడు దగ్గరికి వచ్చేసరికి చేయి మారింది. మెదడు పైపొర మస్తిష్క వల్కలమే గాని, కింద వెన్నుపాముతో కలిసే భాగం మజ్జాముఖం అయింది, దవ్వముఖం కాలేదు. దవ్వముఖమని పలికి చూస్తే కారణం తెలుస్తుంది.

సుశ్రుతుని అవభాసిని దగ్గరికి మళ్ళీ వస్తే, ఈ పుస్తకాల్లో అది ఆకు బాహ్యచర్మం మీద మైనంలా పరుచుకుని నీరు ఆవిరి కాకుండా ఆపే పొర పేరు. బొద్దింక ఒంటి మీది గట్టి తొడుగుకూ అదే పేరు. మనిషి చర్మం కోసం పుట్టిన మాట మనిషిని వదిలి ఆకుకూ పురుగుకూ అంటుకుంది. మనిషి చర్మపు పాఠంలో ఇప్పుడు అది కనపడదు.

బాహ్యచర్మం, కణం, కణజాలం, గ్రంథి, నాళం, కేశం లాంటివి రెండు శాస్త్రాలకూ ఉమ్మడిగా నడుస్తున్నాయి. మకరందం ఊరే గ్రంథీ గ్రంథే, లాలాజలం ఊరే గ్రంథీ గ్రంథే. కేశం విషయంలో చందర్లపాడు పత్తి చేనే సాక్ష్యం. దూది పోగు పత్తి గింజ పైచర్మం మీద మొలిచిన వెంట్రుక. ఒక్కో పోగూ ఒకే ఒక్క కణం. పువ్వు విచ్చిన రోజునే అది గింజ మీద పొడుచుకొచ్చి, రోజులు గడిచేకొద్దీ మూడు సెంటీమీటర్ల దాకా సాగుతుంది. జంతువు వెంట్రుక ఎన్నో కణాల ముద్ద, పైగా చచ్చిన కణాలది. పేరు ఒకటే, కట్టుబడి వేరు.

కొన్నిచోట్ల తెలుగు పుస్తకం ఇంగ్లీషు పోలికను ఒప్పుకోలేదు, తన పోలిక తాను వెతుక్కుంది. ఆకుకూ కాండానికీ మధ్య ఉండే మూలను లాటిన్ చంక అంది. ఆ లెక్కన సంస్కృతంలో కక్ష అనాలి, హిందీ పుస్తకాలు అలాగే అన్నాయి. తెలుగులో కక్ష అంటే పగ. ఆకు పగలో మొగ్గ పుట్టిందని చెప్పలేక కాబోలు, గ్రీవం అన్నారు. చంక మెడ అయింది. అక్కడ పుట్టే మొగ్గ గ్రీవకోరకం. పల్లెలో దాన్ని ఆకు సందు అంటారు, కొమ్మలు చీలే చోటైతే పంగ. మనిషి కాళ్ళకూ ఉన్న పంగే. ఆకు మొదట్లో జంటగా ఉండే చిన్న రేకులకు పుచ్ఛాలని పేరు పెట్టారు, అంటే తోకలు. పువ్వులోని కేసరం కూడా జూలుకు చెందిన మాటే. సింహం కేసరి అయింది దానివల్లనే. పత్రరంధ్రాల దగ్గర మాత్రం నష్టం జరిగింది. గ్రీకులో వాటి పేరుకు నోరని అర్థం, రెండు పెదవుల్లాంటి కణాల మధ్య తెరుచుకుని మూసుకునే నోరు. రంధ్రం అనేసరికి అది మూసుకుంటుందన్న సంగతి పోయింది.

ఈనె దగ్గర తెలుగుది పైచేయి. ఆకులోని గీతలకు ఇంగ్లీషు సిర అని పేరు పెట్టింది, నడి గీతను పక్కటెముక అంది. అంటే ఒకే గీత ఒకచోట నెత్తురు గొట్టం, ఇంకోచోట బొమిక. నిజానికి అది రెండు పనులూ చేస్తుంది. నీళ్ళూ ఆహారమూ మోస్తుంది, ఆకు వాలిపోకుండా నిలబెడుతుంది. తెలుగులో సిర జంతువుకు వెళ్ళింది, ఈనె ఆకుకు మిగిలింది. తాంబూలం వేసుకునేవాళ్ళు తమలపాకు తొడిమ తుంచి, వెనక్కి తిప్పి, బొటనవేలి గోటితో నడిమి ఈనెను మొదటి నుంచి కొస దాకా ఒక్క లాగులో తీసేస్తారు. లాగితే తెగకుండా దారంలా వచ్చేది, కొబ్బరాకుదైతే ఎండి చీపురయ్యేది సిర ఎలా అవుతుంది? జాలాకార ఈనెల వ్యాపనం అన్న సమాసంలో ఒక తెలుగు మాట రెండు సంస్కృతపు మాటల మధ్య ఇరుక్కుని ఉన్నా, నిలిచింది.

అండం విషయంలో మాత్రం చిక్కు కొనితెచ్చుకున్నారు. పువ్వులో అండాశయం, దాని లోపల అండాలు. ఒక్కో అండం లోపల పిండకోశం, ఆ కోశంలో స్త్రీబీజకణం. ఫలదీకరణ తర్వాత అండం గింజ అవుతుంది, అండాశయం కాయ అవుతుంది. జంతువు పాఠంలో అండమంటే ఆ ఒక్క స్త్రీబీజకణమే. కాబట్టి కోడిలో అండం ఒక కణం, మిరపలో అండం వేల కణాల కట్టడం, దాని లోపల ఎక్కడో అసలు అండం. ఇంగ్లీషు ఈ రెంటికీ రెండు మాటలు వాడింది. ఆశయం సంగతి ఇంకో మెలిక. పాత జంతుశాస్త్ర పుస్తకాల్లో ఆడజీవి బీజం తయారయ్యే అవయవం స్త్రీబీజకోశం, పువ్వులో ఉన్నది అండాశయం. ఆ తేడా మంచిదే, ఎందుకంటే రెండూ ఒకటి కావు. పువ్వులోది కాయగా పండే గది. ఒంట్లోని ఆ అవయవం ఎప్పుడూ ఏ బిడ్డనూ మోయదు. అయితే పత్రికల ఆరోగ్య పేజీలు స్త్రీకి కూడా అండాశయమే వాడి, ఆ తేడాను చెరిపేశాయి.

జరాయువు దగ్గర తెలుగు గట్టిగా విడదీసింది. తల్లి కడుపులో బిడ్డను అంటిపెట్టుకుని ఆహారం అందించేది పల్లెలో మావి, పశువుకు మాయ, పుస్తకంలో జరాయువు. కాయలో గింజలను అంటిపెట్టుకుని ఆహారం అందించే కండకు ఇంగ్లీషులో మనిషికి వాడే పేరే ఉంది, తెలుగులో అండన్యాసస్థానం. పని ఒకటే అయినా పేరు ఒకటి కాకపోవడం వల్ల ఒక ముఖ్యమైన పోలిక మరుగున పడింది. పచ్చిమిరపకాయను నిలువునా చీల్చి చూస్తే, తొడిమ నుంచి కిందికి దిగే తెల్లటి మెత్తని దిండు, దాని మీద చిన్న కాడలతో వేలాడే గింజలు కనిపిస్తాయి. బొడ్డుతాళ్ళతో మావికి వేలాడినట్టే. కారం పుట్టేది ఆ తెల్లటి దిండులోనే. క్యాప్సైసిన్ తయారుచేసే గ్రంథులు అక్కడే ఉన్నాయి. కారమంతా గింజలో ఉందని మిరప పండించే ఊళ్ళలోనూ అనుకుంటారు. గింజకు కారం పక్కనున్న మావి నుంచి అంటిందే. పదహారో శతాబ్దిలో పోర్చుగీసువాళ్ళ ఓడల్లో దక్షిణ అమెరికా వైపు నుంచి వచ్చిన ఈ కాయకు, దాని లోపలి ఈ దిండుకు, నోరారా పలకదగ్గ పేరొకటి తెలుగులో స్థిరపడలేదు.

ఫలదీకరణం అనే మాట దీనికి సరిగ్గా ఎదురు దిశలో నడిచింది. ఫలం కట్టించడం అన్నది దాని అర్థం, చెట్టుకు మాత్రమే సరిపోయేది. ఇప్పుడు కప్పకూ గేదెకూ స్త్రీకీ అదే వాడతారు. ఎవరికీ ఎబ్బెట్టుగా తోచకపోవడానికి కారణం, కడుపు పండటం అన్న మాట అప్పటికే తెలుగు నోట ఉండటం. ఫలదీకరణం వల్ల ఏర్పడే సంయుక్తబీజం, దాని నుంచి పెరిగే పిండం కూడా రెండు శాస్త్రాల్లోనూ ఒకటే. బీజం సంస్కృతంలో విత్తనం. పల్లె వైద్యంలో మగవాడి బీజాలు. పుస్తకంలో శిలీంధ్రానికి సిద్ధబీజం, చిక్కుడు గింజకు బీజదళాలు.

సంస్కృతం వైపు మొగ్గడానికి పాండిత్య గర్వం ఒక్కటే కారణమని చెప్పలేం. అండం అన్న ఒక్క మాట నుంచి అండాశయం, అండకోశం, అండన్యాసం, అండవృంతం వచ్చాయి. వెన్ను నుంచి అలా నాలుగు మాటలు లాగడం కష్టం. పైగా పల్లె మాటకు ఊరికొక అర్థం ఉంటుంది. పిక్క ఒకచోట గింజ, ఒకచోట టెంక, కృష్ణా జిల్లాలో ముందుగా తట్టేది కాలి కండ. పరీక్ష పత్రం అన్ని జిల్లాలకూ ఒకటే. ఈ వాదనలో బలం ఉంది, కానీ చంకను మెడ చేయగలిగినవాళ్ళు పొట్టను, వెన్నునూ ఒక వాక్యంలోకైనా రానివ్వకపోవడానికి అది చాలదు. పొద్దుతిరుగుడు పువ్వుది శీర్షవద్విన్యాసం. శీర్షమంటే తలే. తల అన్న మాట వాడుంటే పత్తిలో తలలు తుంచే కూలీకి కూడా అందేది.

రైతు తెలుగు తన దారిన తాను సాగింది. జగ్గయ్యపేట దగ్గర గరికపాడులో వ్యవసాయ పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. అలాంటి కేంద్రాల సలహాల్లో గూడ రాలడం, గుడ్డి పూలు, చిరుపొట్ట, మెడ విరుపు అన్నీ శాస్త్ర పదాలే. వాటి పక్కన మందు పేరు, మోతాదు ఇంగ్లీషువి. గ్రీవకోరకం అక్కడికి రాలేదు.

తెలుగు అకాడమి రాష్ట్ర విభజన తర్వాత రెండయింది. ఆంధ్రప్రదేశ్ వైపు దానికి 2021లో తెలుగు, సంస్కృత అకాడమి అని పేరు మార్చారు. 2020 తర్వాత ప్రభుత్వ బడులకు వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, దాని ఎదురు పేజీ తెలుగు. బొమ్మ మాత్రం రెండు పక్కలా ఒకటే: పువ్వు నిలువుకోత, నడుమ అండాశయం, దాని గోడకు అంటుకుని చిన్న కాడల మీద అండాలు.